వైపర్స్ 'యూత్ ఆఫ్ అమెరికా': పంక్ రికార్డులో పదిన్నర నిమిషాల పాట ఎందుకుంది?

మీరు అడిగింది టూకీగా ఇది. పంక్ రాక్ అంటే మూడు గిటార్ కార్డ్స్, రెండు నిమిషాల పాట అని విన్నారు. ఎవరో చెప్తే వైపర్స్ బ్యాండ్ 1981 ఆల్బమ్ 'యూత్ ఆఫ్ అమెరికా' పెట్టుకున్నారు. టైటిల్ పాట పదిన్నర నిమిషాలు ఉండేసరికి నాలుగో నిమిషంలో ఆపేశారు. ఇది పంక్ ఎలా అవుతుంది, అంత గొప్పదైతే ఎవరికీ ఎందుకు తెలియదు, ఆ రోజుల్లో ఆ బ్యాండ్ పుట్టిన పోర్ట్‌లాండ్‌లో (అమెరికా వాయవ్య మూల ఒరెగాన్ రాష్ట్రంలోని ఊరు) ఏం జరిగేది అని మీ సందేహం.

మూడింటికీ జవాబు ఒక్కచోటే ఉంది. ఊరు ఎవరూ పట్టించుకోనిది, మనిషేమో ఎవరి సాయం లేకుండా రికార్డు తయారు చెయ్యగలిగినవాడు. ఆ ఆల్బమ్ అలా పుట్టడానికీ అదే కారణం, మరుగున పడిపోవడానికీ అదే కారణం. ఉద్యోగం వల్ల నేను పోర్ట్‌లాండ్ పక్కనే తొమ్మిదేళ్లు ఉన్నాను. వారాంతాల్లో బేస్ గిటార్ వాయించేవాణ్ణి. ఈ రికార్డు నాకు చాలా ఇష్టం, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

ముందు మనిషి గురించి. వైపర్స్ అంటే గ్రెగ్ సేజ్. పాటలు రాసింది, పాడింది, గిటార్ వాయించింది, రికార్డింగ్ చూసుకున్నది అన్నీ ఆయనే. ఆయన తండ్రి ప్రసార రంగంలో ఉండేవాడు. ఆ పుణ్యాన ఏడో తరగతికే సేజ్ చేతికి రికార్డులు కోసే లేత్ దొరికింది. రికార్డులు వినే మెషీన్ కాదు, తయారు చేసే మెషీన్. అల్యూమినియం పళ్లెం మీద లాకర్ అనే వార్నిష్ లాంటి పూత ఉంటుంది. పళ్లెం తిరుగుతుంటే చిన్న మొన ఆ పూతలో గాడి చెక్కుకుంటూ పోతుంది. శబ్దం ఎలా ఊగితే మొన అలా ఊగుతుంది, గాడి గోడలు అలా మెలికలు తిరుగుతాయి. సేజ్ రేడియోలో వచ్చే పాటల్ని రికార్డులుగా కోసి స్కూల్లో స్నేహితులకి ఇచ్చేవాడట. లేత్‌కి బిగించిన మైక్రోస్కోప్‌లో గంటల తరబడి ఆ గాడుల్ని చూస్తూ కూర్చునేవాడట. పాట చెవికి ఎలా ఉంటుందో తెలియడంతో పాటు, కంటికి ఎలా కనిపిస్తుందో కూడా ఆ పిల్లవాడికి తెలుసు.

వాయించడం నేర్చుకోక ముందే రికార్డు తయారు చెయ్యడం నేర్చుకున్నాడు. ఈ వరస గుర్తుపెట్టుకోండి. మామూలుగా కుర్రాళ్లు గిటార్ కొనుక్కుంటారు, బ్యాండ్ కడతారు, నాలుగు షోలు చేస్తారు, ఆ తర్వాత స్టూడియోకి వెళ్తారు. వాళ్లకి రికార్డు అంటే తాము స్టేజి మీద చేసేదానికి ఒక గుర్తు. సేజ్‌కి అలా కాదు. 1977లో వైపర్స్ మొదలుపెట్టినప్పుడు ఆయన మనసులో ఉన్న ప్లాన్ ఏమిటంటే, పదేళ్లలో పదిహేను ఆల్బమ్‌లు చెయ్యడం. టూర్లు వద్దు, ఇంటర్వ్యూలు వద్దు, ప్రచారం వద్దు. మనిషి గురించి ఏమీ తెలియకపోతే జనం పాటనే ఇంకా లోతుగా వింటారని ఆయన నమ్మకం. చివరికి ఆ ప్లాన్ అలాగే సాగలేదు. షోలు చేశారు, ఊళ్లూ తిరిగారు. కానీ ఆ ఆలోచన లేకుండా 'యూత్ ఆఫ్ అమెరికా' లేదు.

మొదట్లో బేస్ డేవ్ కూపల్, డ్రమ్స్ సామ్ హెన్రీ. 1978లో 'బెటర్ ఆఫ్ డెడ్' సింగిల్‌ని (కొద్ది పాటల చిన్న రికార్డు) సేజ్ తన సొంత లేబుల్, అంటే రికార్డు కంపెనీ, ట్రాప్ మీద తెచ్చాడు. 1980లో మొదటి ఆల్బమ్ 'ఈజ్ దిస్ రియల్?' పార్క్ అవెన్యూ రికార్డ్స్ నుంచి వచ్చింది. దాన్ని వీళ్లు ముందు రిహార్సల్ గదిలోనే నాలుగు ట్రాక్‌ల రికార్డర్ మీద చేసుకున్నారు. లేబుల్ వాళ్లు ఒప్పుకోలేదు, పెద్ద స్టూడియోలో మళ్లీ చెయ్యాలని పట్టుబట్టారు. అయినా ఆ ఆల్బమ్ అద్భుతంగానే ఉంటుంది. పొట్టి పాటలు, పదునైన పాటలు. మీరు అనుకున్న లెక్క ప్రకారం అది నికార్సైన పంక్.

మరి మరుసటి ఏడాదికే పదిన్నర నిమిషాల పాట ఎందుకు చేశాడు? ఇక్కడే ఊరి సంగతి చెప్పాలి.

పోర్ట్‌లాండ్ అప్పుడు కలప, రేవు మీద బతికే ఊరు. శరత్కాలం నుంచి వసంతం దాకా సన్నటి వాన, బూడిద రంగు ఆకాశం. కింగ్స్‌మెన్ బ్యాండ్ 1963లో 'లూయీ లూయీ' పాట రికార్డు చేసింది ఈ ఊళ్లోనే. ఆ తర్వాత మళ్లీ సంగీత పరిశ్రమ ఇటు తొంగి చూసింది తక్కువే. దక్షిణాన శాన్ ఫ్రాన్సిస్కోకి వెళ్లాలంటే దాదాపు 1000 కిలోమీటర్లు. ఉత్తరాన సియాటిల్ 280 కిలోమీటర్లే, కానీ ఆ రోజుల్లో సియాటిల్‌ని కూడా ఎవరూ పట్టించుకునేవారు కాదు. న్యూయార్క్ పత్రికలకీ లండన్ పత్రికలకీ ఈ మూల ఒకటుందనే ధ్యాసే లేదు.

దానికి తోడు చట్టం. ఒరెగాన్‌లో మద్యం తాగే వయసు 21. పంక్ వినేవాళ్లలో, వాయించేవాళ్లలో చాలామంది అంతకంటే చిన్నవాళ్లు. బార్లలో షో పెడితే అసలు ప్రేక్షకులే లోపలికి రాలేరు. అందుకని అద్దె హాళ్లు, బేస్‌మెంట్లు, కొన్ని నెలలు నడిచి మూతపడే చిన్న క్లబ్బులు. జనం తక్కువ. ఈ రోజు స్టేజి మీద ఉన్నవాళ్లే రేపు వేరే బ్యాండ్ ముందు ప్రేక్షకులు. ఇలాంటి చోట ఒక మంచి జరుగుతుంది. ఎవరినో మెప్పించి కాంట్రాక్టు కొట్టేయాలనే ఆశ ఎవరికీ ఉండదు. ఆ ఆశే లేనప్పుడు ఎవరికి తోచినట్టు వాళ్లు వాయిస్తారు.

అందుకే ఆ చిన్న గుంపులోనే అంత తేడా. నియో బాయ్స్ పేరుకి బాయ్స్, కానీ అందరూ అమ్మాయిలే. పాటల్లో అరుపు తక్కువ, ఆలోచన ఎక్కువ. వాళ్ల 1980 రికార్డు తెచ్చింది సేజ్ ట్రాప్ లేబులే. సేడో నేషన్ మోత మోగించే బ్యాండ్. స్మెగ్మా అయితే దొరికిన వస్తువునల్లా వాయించి శబ్దాలు పుట్టించే ప్రయోగాల గుంపు. పాయిజన్ ఐడియా 1980లో మొదలై తర్వాత హార్డ్‌కోర్‌లో (పంక్‌లోనే ఇంకా వేగమైన, గట్టి రకం) మంచి పేరు తెచ్చుకుంది. ఫ్రెడ్ కోల్, టూడీ కోల్ భార్యాభర్తలు ది ర్యాట్స్ అనే బ్యాండ్ నడిపేవారు, తర్వాత 1987లో డెడ్ మూన్ మొదలుపెట్టారు. ఫ్రెడ్ కూడా సొంతంగా లేత్ పెట్టుకుని డెడ్ మూన్ రికార్డుల్ని మోనోలో తనే కోసుకునేవాడు. 'లూయీ లూయీ' కోసిన లేత్ అదేనని చెబుతారు. ఒకే ఊళ్లో ఇద్దరు మనుషులకి రికార్డు గాడి చెక్కే పని చేతికి తెలుసు. నాకు ఆ ఊరి గుణం మొత్తం ఇందులో కనిపిస్తుంది.

ఒక చిన్న సవరణ. ఈ ఆల్బమ్ గురించి రాసేటప్పుడు చాలామంది సాటిరికాన్ క్లబ్ పేరు తెస్తారు. సాటిరికాన్ గొప్ప చోటే, కాదనను. కానీ అది తెరిచింది 1984లో. 2010లో మూతపడింది, మరుసటి ఏడు భవనాన్నే కూల్చేశారు. 'యూత్ ఆఫ్ అమెరికా' నాటికి ఆ క్లబ్ లేదు. అలాంటి స్థిరమైన చోటు ఇంకా ఏర్పడని రోజుల్లో పుట్టిన రికార్డు ఇది.

ఇక ఆ కాలం సంగతి. 1980 డిసెంబర్‌లో అమెరికా బ్యాంకుల ప్రైమ్ రేటు (నమ్మకమైన ఖాతాదారుల అప్పులకి వేసే వడ్డీ) 21.5 శాతానికి చేరింది. అంత వడ్డీకి అప్పు తెచ్చి ఇల్లు కట్టేవాడెవడు? ఇళ్లు కట్టకపోతే కలప ఎవరికి కావాలి? ఒరెగాన్‌లో రంపపు మిల్లులు వరసగా మూతపడ్డాయి. 1982 నాటికి ఆ రాష్ట్రంలో నిరుద్యోగం పది శాతం దాటింది. 1981 జనవరిలో రీగన్ అధ్యక్షుడిగా గద్దెనెక్కాడు. ఇరవై ఏళ్ల కుర్రాడికి తండ్రి చేసిన ఉద్యోగం దొరకదు, కొత్తది ఏదో తెలియదు, పైన ఉన్నవాళ్లకి వాడి గొడవ అక్కర్లేదు. టైటిల్ పాటలో ఉన్నది ఈ ఉక్కిరిబిక్కిరే. అన్ని వైపుల నుంచీ గోడలు దగ్గరికి జరుగుతున్నట్టు, కదలకపోతే నలిగిపోతామన్నట్టు పాడతాడు. నినాదంలా కాదు, పక్కనున్నవాణ్ణి భుజం పట్టి లేపుతున్నట్టు.

ఇప్పుడు ఆ నిడివి. 1981 అంటే అమెరికా పంక్ రోజురోజుకీ వేగం పెంచుతున్న ఏడాది. వాషింగ్టన్ డి.సి. బ్యాండ్ మైనర్ థ్రెట్ ఆ ఏడాదే మొదటి రికార్డు తెచ్చింది. అందులో ఎనిమిది పాటలు ఉంటాయి, మొత్తం కలిపి పది నిమిషాలు కూడా లేవు. అంటే వైపర్స్ టైటిల్ పాట ఒక్కటే ఆ రికార్డు మొత్తం కంటే పొడుగు. (ఆ మైనర్ థ్రెట్ రికార్డు కూడా నాకు ప్రాణం, రెండింటికీ పోటీ పెట్టడం నా ఉద్దేశం కాదు.) పొట్టి పాట అప్పటికే ఒక రూల్ అయిపోయింది. సేజ్ ఆ రూల్‌కి కావాలనే ఎదురు తిరిగాడు. రూల్‌కి ఎదురు తిరగడమే పంక్ అయితే, మీ మొదటి ప్రశ్నకి జవాబు అక్కడే ఉంది.

కానీ ఊరికే ఎదురు తిరగడానికి సాగదీసి ఉంటే ఆ పాట నలభై ఏళ్లు నిలబడేది కాదు. పనితనం చూడండి. పాట మొత్తానికి పునాది బేస్ వాయించే ఒకే ఒక్క చిన్న వరస. డ్రమ్స్ దాని వెంటే, రాత్రిపూట హైవే మీద బండిలా ఒకే వేగంతో పోతుంటాయి. సగం దగ్గరికి వచ్చేసరికి సేజ్ గిటార్ ఆ దారి వదిలేస్తుంది. సాగుతుంది, ఈలలు వేస్తుంది, ఎక్కడో దూరాన సైరన్ మోగినట్టు వచ్చి పోతుంది. గొంతు పాటలోంచి మాటలోకి దిగుతుంది. ఇంత జరుగుతున్నా బేస్ మాత్రం పక్కకి తిరిగి చూడదు. తర్వాత గిటార్ మళ్లీ ఆ వరస మీదికి వచ్చి పడినప్పుడు ఒంట్లో ఏదో జరుగుతుంది. పదిన్నర నిమిషాలు అక్కర్లేదనేవాళ్లు ఆ తిరిగి రావడాన్ని నాలుగు నిమిషాల పాటలో ఇమిడ్చి చూపించాలి. దూరంగా వెళ్లనివాడికి తిరిగి రావడం ఎక్కడిది?

ఆ బేస్ వరసని నేను ఇంట్లో వాయించి చూశాను. వేళ్లకి ఏ కష్టమూ లేదు, మొదటి రోజే వచ్చేస్తుంది. కష్టమంతా ఓపికలో ఉంది. ఐదో నిమిషానికి చెయ్యి ఏదో ఒకటి కొత్తగా చేద్దామని లాగుతుంది. ఆ టెంప్టేషన్‌కి లొంగితే పాట కూలిపోతుంది. అప్పటికి కూపల్, హెన్రీ వెళ్లిపోయి బ్రాడ్ డేవిడ్‌సన్ బేస్‌కి, బ్రాడ్ నైష్ డ్రమ్స్‌కి వచ్చే దశ. లైనప్ మారుతున్న రోజుల్లో ఇంత నిలకడగా వాయించడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

లేత్ సంగతి ఊరికే చెప్పలేదు. ఆల్బమ్ మొత్తం ఆరే పాటలు, అరగంట. రికార్డుకి రెండు వైపులు కాబట్టి ఒక్కో వైపు పదిహేను నిమిషాల చిల్లర. 'నో ఫెయిర్', 'యూత్ ఆఫ్ అమెరికా' రెండే పాటలు ఒక వైపంతా ఉంటాయి. ఒక వైపు ఇరవై రెండు, ఇరవై మూడు నిమిషాల దాకా పట్టించవచ్చు. అలా కుక్కితే గాడుల్ని దగ్గర దగ్గరగా కొయ్యాలి. దగ్గరగా కొయ్యాలంటే శబ్దం తగ్గించాలి, ముఖ్యంగా బేస్. ఎందుకంటే బేస్ గాడిని బాగా పక్కకి ఊపుతుంది, పక్క గాడికి తగిలే ప్రమాదం. పదిహేను నిమిషాలే అయితే గాడుల మధ్య చోటు ఉంటుంది, బేస్‌ని నిండుగా వదలవచ్చు.

ఇంకో సంగతి. రికార్డు నిమిషానికి 33 సార్లకి కొంచెం పైన ఒకే వేగంతో తిరుగుతుంది. కానీ సూది కింద గాడి జారే వేగం ఒకేలా ఉండదు. బయటి అంచు దగ్గర సెకనుకి 50 సెంటీమీటర్లు ఉంటే, మధ్యలో అంటించిన కాగితం లేబుల్ దగ్గరికి వచ్చేసరికి 20 చిల్లరకి పడిపోతుంది. అందుకే చివరి పాటలు కాస్త మసకబారినట్టు వినిపిస్తాయి. వైపు చిన్నదైతే పాట లేబుల్ దాకా వెళ్లాల్సిన పనే లేదు. చివర్లో ఉన్న పొడుగు పాట కూడా పదును తగ్గకుండా పూర్తవుతుంది. ఏడో తరగతిలో మైక్రోస్కోప్ కింద గాడులు చూసినవాడికి ఈ లెక్క తెలియకుండా ఉంటుందా? ఆరు పాటలే ఎందుకు పెట్టాడంటే పాటలు చాలక అని చాలామంది అనుకుంటారు. నేను ఒప్పుకోను. చోటు వదలడం కూడా ఆ రికార్డులో ఒక భాగం.

మిగతా పాటల్లో 'టేకింగ్ టూ లాంగ్', 'కెన్ దిస్ బీ', 'పుషింగ్ ది ఎక్స్‌ట్రీమ్' మూడు నిమిషాల పాటలు, మొదటి ఆల్బమ్ ఇష్టపడ్డవాళ్లకి వెంటనే పట్టేస్తాయి. 'వెన్ ఇట్స్ ఓవర్' వేరే సంగతి. ఆరు నిమిషాలు దాటుతుంది, చాలాసేపు అసలు గొంతే వినిపించదు. గిటార్ మీద గిటార్ పేరుస్తూ పోతాడు. గొంతు వచ్చేటప్పటికి, ఆ మనిషి అంతసేపూ అక్కడే ఉండి మాట్లాడలేకపోయాడేమో అనిపిస్తుంది. నా మటుకు నాకు టైటిల్ పాట కంటే ఇదే ఇంకా లోపలికి దిగిన పాట.

మరి ఎందుకు తెలియలేదు? సేజ్ చెప్పినదాని ప్రకారం, వచ్చినప్పుడు అమెరికాలో దీనికి ఆదరణ దక్కలేదు, యూరప్‌లో నయం. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెత ఆ దేశంలోనూ నిజమే. హార్డ్‌కోర్ వాళ్లకి ఇది మరీ నిదానం, మరీ పొడుగు. రేడియోకి మరీ గరుకు. చిన్న లేబుల్, పంపిణీ అంతంతమాత్రం. ప్రచారం వద్దని స్వయంగా ఆయనే అనుకున్నాడు. పైగా అడ్రస్ పోర్ట్‌లాండ్. వీటిలో ఏ ఒక్కటి మారినా పేరు వచ్చేదేమో, కానీ అప్పుడు ఈ రికార్డు వచ్చేది కాదు.

తర్వాత సంగతి మీకు కొంత తెలిసే ఉంటుంది. నిర్వాణ బ్యాండ్ గాయకుడు కర్ట్ కొబేన్ తనకి నచ్చిన యాభై ఆల్బమ్‌ల జాబితా చేతితో రాసుకుంటే, వైపర్స్ మొదటి మూడు ఆల్బమ్‌లూ అందులో ఉన్నాయి. నిర్వాణ 'డీ-7', 'రిటర్న్ ఆఫ్ ది ర్యాట్' పాటల్ని వాయించింది, రెండూ 'ఈజ్ దిస్ రియల్?'లోవి. రెండోది 1992లో పోర్ట్‌లాండ్ లేబుల్ టిమ్ కర్ తెచ్చిన వైపర్స్ నివాళి సింగిల్స్ పెట్టెలో ఉంది. అప్పటి నుంచి వైపర్స్ అనగానే "గ్రంజ్‌కి (నిర్వాణ లాంటి బ్యాండ్ల గరుకు రాక్‌కి) తాతలు" అనే మాట అతుక్కుపోయింది. ఆ మాట నాకు నచ్చదు. నిర్వాణ వల్ల వేలమంది వీళ్ల దాకా వచ్చారు, సంతోషమే. కానీ అలా వచ్చినవాళ్లు మొదటి ఆల్బమ్‌లో ఆ రెండు పాటలు విని వెళ్లిపోతారు. సేజ్ తనకి నచ్చినట్టు చేసుకున్న రెండో ఆల్బమ్ మళ్లీ నీడలోనే ఉండిపోతుంది. ఎవరికో దారి చూపించినందుకు గొప్పది కాదు అది. దానికదే గొప్పది.

సేజ్ ఎనభైల చివర్లో అరిజోనాలోని ఫీనిక్స్‌కి వెళ్లిపోయి అక్కడ సొంత స్టూడియో పెట్టుకున్నాడు. 2001లో మొదటి మూడు ఆల్బమ్‌ల్ని తన జెనో రికార్డ్స్ నుంచి బాక్స్ సెట్‌గా తెచ్చాడు. తొలి డ్రమ్మర్ సామ్ హెన్రీ తర్వాత నేపాల్మ్ బీచ్ లాంటి పోర్ట్‌లాండ్ బ్యాండ్లలో వాయిస్తూ ఆ ఊరినే అంటిపెట్టుకుని ఉన్నాడు, 2022లో పోయాడు. ఫ్రెడ్ కోల్ 2017లోనే పోయాడు.

మీకు నా సలహా. టైటిల్ పాటని ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ముందు 'ఈజ్ దిస్ రియల్?' మొత్తం రెండు మూడు సార్లు వినండి, సేజ్ గొంతు, గిటార్ చెవికి అలవాటవుతాయి. తర్వాత 'వెన్ ఇట్స్ ఓవర్'. ఆ పాట పట్టుకుంటే 'యూత్ ఆఫ్ అమెరికా'కి వెళ్లండి. 1983 నాటి 'ఓవర్ ది ఎడ్జ్' చివరికి ఉంచుకోండి, అది మళ్లీ పొట్టి పాటల ఆల్బమ్, కానీ ఈ పొడుగు దారి నడిచి వచ్చినవాడు చేసిన పొట్టి పాటలు. ఫోన్ స్పీకర్ మీద మాత్రం వద్దు, అందులో బేస్ వినపడదు, బేస్ వినపడకపోతే ఆ పాటలో నేలే లేనట్టు. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, రాత్రి అయితే ఇంకా మంచిది. గిటార్ ఎటు వెళ్లినా దాని వెంట వెళ్లకండి, బేస్‌ని పట్టుకుని ఉండండి. నాలుగో నిమిషంలో ఆపేశానన్నారు కదా, గిటార్ దారి తప్పడం మొదలయ్యేది దాదాపు అక్కడే. అది తిరిగి వచ్చేదాకా ఈసారి ఆగండి.